పాత కారుకి "కంపెనీ కలర్" అంటే ఏ రంగు?

తెల్ల అంబాసిడర్‌ని పెయింటింగ్ షెడ్డుకి తీసుకెళ్లి "కంపెనీ కలరే కొట్టండి" అంటే, అనుభవమున్న పెయింటర్ ముందు అడిగేది "ఏ తెలుపు?" అనే. ఆర్‌సీలో "వైట్" అని ఉంటుంది, దానివల్ల ఆయనకి ఒరిగేదేమీ లేదు. బానెట్ మీద కనిపించే తెలుపు ఒకటి, డిక్కీ లోపలి తెలుపు ఇంకొకటి, డాష్‌బోర్డు వెనక రేకు మీదది మూడోది. ఆ మూడూ ఒకే రోజు, ఒకే డబ్బాలోంచి కొట్టినవే అయ్యుండొచ్చు కూడా.

పాత కార్లు బాగుచేయించుకునేవాళ్లలో ఈ తగాదా ఎప్పటినుంచో ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నమోదుకి ప్రత్యేక నియమాలు తెచ్చాక "ఒరిజినల్" అన్న మాట ఇంకా ఎక్కువమంది నోట నానుతోంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత "వీఏ" అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకి 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. అయితే అసలు రూపం చెడిపోకూడదనే షరతు చాసీ, బాడీ షెల్, ఇంజిన్ మార్పుల గురించి మాట్లాడుతుంది. షేడ్ జోలికి పోదు. షేడ్ పట్టింపంతా యజమానులది, ర్యాలీల్లో మార్కులు వేసే జడ్జీలది, కొనేవాళ్లది.

ఒకే పేరు కింద నాలుగు రంగులు

"ఫ్యాక్టరీ రంగు" అన్నప్పుడు జనం నాలుగు వేరువేరు సంగతుల్ని కలిపేస్తుంటారు. మొదటిది కాగితం మీది రంగు, అంటే కంపెనీ పెట్టిన పేరు, కోడ్. రెండోది ఫార్ములా: ఏ పిగ్మెంట్ ఎంత, ఏ బైండర్‌లో. పిగ్మెంట్ అంటే రంగునిచ్చే పొడి, బైండర్ అంటే ఆ పొడిని రేకుకి పట్టి ఉంచే జిగురు పదార్థం. మూడోది బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు కంటికి కనిపించిన రంగు. నాలుగోది ఇన్నేళ్లు ఎండా వానా తిన్నాక ఇవాళ మిగిలిన రంగు.

ఈ నాలుగూ ఒకటి కాదు. ఒకే కొలతలతో పెట్టిన ఆవకాయ రెండిళ్లలో ఒకే ఎరుపు తేలనట్టే, ఒకే కోడ్‌తో రెండు ప్లాంట్లలో కొట్టిన రంగూ అచ్చం ఒకేలా ఉండదు. "షేడ్ కలిసిందా లేదా" అని గంటలకొద్దీ వాదించుకునే ఇద్దరిలో ఒకాయన మూడో రంగు గురించి, ఇంకొకాయన నాలుగో రంగు గురించి మాట్లాడుతుంటారు. దేనితో కలవాలో తేల్చుకోకపోతే కలిసిందో లేదో ఎవరూ చెప్పలేరు.

కాగితం ఎంతవరకు సాక్ష్యం చెబుతుంది

కొన్ని దేశాల కార్లకి ఈ విషయంలో అదృష్టం బాగుంది. బ్రిటన్‌లో మినీ, మోరిస్ లాంటి కార్లు చేసిన బీఎంసీ తన రంగులకి పద్ధతిగా కోడ్‌లు పెట్టింది: ఆల్మండ్ గ్రీన్ జీఎన్37, టార్టాన్ రెడ్ ఆర్‌డీ9, ఓల్డ్ ఇంగ్లిష్ వైట్ డబ్ల్యూటీ3. ఆ కంపెనీల ప్రొడక్షన్ రికార్డులు చాలావరకు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉన్నాయి. చాసీ నంబరు ఇచ్చి రుసుము కడితే ఆ బండి ఏ రంగులో బయటికొచ్చిందో హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. ఫోక్స్‌వాగన్ బీటిల్ రంగుల కోడ్‌లు "ఎల్" అక్షరంతో మొదలవుతాయి. ఎల్87 అంటే పర్ల్ వైట్. పేరులో ముత్యం ఉందని మెరుపు ఉంటుందనుకుంటారు కానీ అది మెరుపులేని సాదా మీగడ తెలుపు. కంపెనీ పెట్టిన పేరుని అక్షరాలా నమ్మితే దారి తప్పడానికి ఇదొక్కటి చాలు.

కాగితం దొరికినా కథ ముగియదు. 1981లో అమెరికా కంపెనీ షెవ్రోలే తన స్పోర్ట్స్ కారు కార్వెట్ తయారీని సెయింట్ లూయిస్ నుంచి బౌలింగ్ గ్రీన్‌కి మార్చింది. ఆ ఏడాది కొంతకాలం రెండు చోట్లా బండ్లు తయారయ్యాయి. పాత ప్లాంట్‌లో లాకర్ (థిన్నర్ ఎగిరిపోతే గట్టిపడే పెయింట్) కొట్టారు, కొత్త ప్లాంట్‌లో ఎనామెల్ రంగు వేసి దానిమీద క్లియర్ కోటు, అంటే రంగులేని పారదర్శక పొర, వేశారు. ఒకే మోడల్, ఒకే ఏడాది, రెండు రకాల "ఒరిజినల్" పెయింటింగ్‌లు. 1981 కార్వెట్‌కి క్లియర్ కోటు సరైనదా కాదా అంటే ఆ బండి ఏ ఊళ్లో పుట్టిందో చూడాల్సిందే.

ఇంకా వెనక్కి వెళ్తే, ఖరీదైన కార్ల విషయంలో ఫ్యాక్టరీ రంగు అన్న ఊహకే చోటు లేదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగులో మెరిసే 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ని చాలామంది చూసే ఉంటారు. రోల్స్ రాయిస్ చాసీ, ఇంజిన్ మాత్రమే చేసేది. బాడీ కట్టి రంగు వేసింది బార్కర్ అనే లండన్ కోచ్‌బిల్డర్. అలాంటి కార్ల రంగులు కొనేవాడి ఇష్టాన్ని బట్టి నిర్ణయమయ్యేవి. వాటికి కంపెనీ షేడ్ కార్డ్ కోసం వెతకడం దండగ. ఆర్డర్ పుస్తకాల్లో ఏమైనా రాసి ఉందా అని చూడాలి, లేదంటే రేకునే అడగాలి.

మన బండ్ల దగ్గరికొచ్చేసరికి కాగితం మీదికన్నా రేకు మీదే ఆధారం ఎక్కువ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్ 2014 మే దాకా తయారైంది. ఫియట్ 1100డీ నమూనాతో 1964లో ముంబై కుర్లాలో మొదలై 1974లో ప్రీమియర్ పద్మిని పేరు పెట్టుకున్న కారుదీ దశాబ్దాల చరిత్రే. ఇన్నేళ్లలో పిగ్మెంట్లు మారాయి, బైండర్లు మారాయి. 1966 అంబాసిడర్ తెలుపుకీ 1996 అంబాసిడర్ తెలుపుకీ పేరు తప్ప చుట్టరికం ఉండాలన్న నియమమేమీ లేదు.

రేకు మీద రంగుని చదవడం

ఎండ తగలని, ఎవరూ మళ్లీ పెయింట్ వేయని మూలలు ప్రతి పాత కారులోనూ కొన్ని ఉంటాయి. డాష్‌బోర్డు వెనక, గ్లవ్ బాక్స్ తీస్తే కనిపించే రేకు, వెనక లైటు ఊడదీస్తే దాని రబ్బరు కింద, డోర్ బీడింగ్ అడుగున, చాసీ ప్లేటు వెనక, వెనక సీటు వీపు తీసిన చోట. రీపెయింట్ చేసేవాళ్లు వీటిని ఊడదీసే ఓపిక లేక చుట్టూ టేపు వేసి కొట్టేస్తుంటారు. ఆ బద్ధకమే ఇవాళ మనకి ఆధారం.

ఒకటికి నాలుగుసార్లు పెయింటయిన బండి అయితే పొరలు విప్పాలి. దీనికి పెయింటర్లు రూపాయి బిళ్లంత చోటు ఎంచుకుని, నీళ్లతో తడిపిన వాటర్ పేపర్‌తో గుండ్రంగా, ఏటవాలుగా రుద్దుతారు. ముందు గరుకైన 400, ఆఖర్న నున్నటి 1500 పేపరు. కాసేపటికి మధ్యలో రేకు మెరుస్తుంది, దాని చుట్టూ వలయాలు తేలతాయి. రేకుని ఆనుకుని ఎర్ర ఆక్సైడ్ లేదా బూడిదరంగు ప్రైమర్, దాని బయట సన్నటి గీతలా మీగడ తెలుపు, తర్వాత గోధుమరంగు లప్పం పట్టీ, మళ్లీ బూడిద ప్రైమర్, దాని బయట నీలం తగిలిన తెలుపు, అన్నిటికన్నా బయట ఇవాళ్టి తెలుపు. లెక్క తేలిపోయింది: లప్పానికి లోపల, మొదటి ప్రైమర్‌ని ఆనుకుని ఉన్న మీగడ తెలుపే పుట్టుకతో వచ్చినది కావాలి.

"కావాలి" అంటున్నానంటే కారణం ఉంది. యాక్సిడెంట్ తర్వాత ఆ డోరుని రేకుదాకా గీకి మళ్లీ ప్రైమర్ కొట్టి ఉంటే మొదటి వలయం కూడా రీపెయింటే. అందుకే ఒక్క చోటుతో సరిపెట్టరు. రూఫ్, డోరు, డిక్కీ మూత మూడింటిలోనూ ఒకే వరస కనిపిస్తేనే నమ్ముతారు.

ఇక్కడ చాలామందికి తెలియని తిరకాసు ఒకటుంది. ఎండ తగలని రంగు చెక్కుచెదరకుండా ఉంటుందనుకుంటాం. పాత సింథటిక్ ఎనామెల్స్‌లో నూనె ఉంటుంది. నూనె ఆధారంగా చేసిన తెలుపు చీకట్లో ఉంటే పచ్చబడుతుంది, వెలుతురు తగిలితే ఆ పసుపు కొంత విరుగుతుంది. మరోపక్క ఎండలో ఉన్న తెలుపుకి వేరే జబ్బు. తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ పొడి అల్ట్రావయొలెట్ కిరణాల సమక్షంలో తన చుట్టూ ఉన్న బైండర్‌ని తినేస్తుంది. వేలితో రాస్తే సుద్దలా పొడి అంటుకుంటుంది, రంగు ఉన్నదానికన్నా తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. అంటే బానెట్ అసలుకన్నా తెల్లగా, డాష్‌బోర్డు వెనక భాగం అసలుకన్నా పచ్చగా ఉండొచ్చు. మొదటి రోజు రంగు ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంటుంది.

అందుకే జాగ్రత్తగా చేసేవాళ్లు రెండు చోట్లా చూస్తారు. ఊడదీసిన చిన్న భాగాన్ని కొన్నాళ్లు వెలుతురులో ఉంచి పసుపు ఎంత విరుగుతుందో గమనిస్తారు, బానెట్ మీద ఓ మూల రబ్బింగ్ పాలిష్ పట్టించి సుద్ద పొర కింద ఏముందో చూస్తారు. రెండూ ఒకదానికొకటి దగ్గరపడ్డ చోటే సరైన అంచనా.

పాత ఫార్ములా కొత్త డబ్బాలో ఎందుకు పట్టదు

కోడ్ దొరికింది, దాని పాత ఫార్ములా కూడా దొరికిందనుకుందాం. మిక్సింగ్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు ఆ అంకెలు కొట్టి రంగు తీయలేడు. ఆ ఫార్ములాలోని టింటర్లు, అంటే షేడ్ కోసం కలిపే గాఢమైన రంగులు, ఎప్పుడో మానేసినవి. అప్పటి పసుపులు, నారింజలు, చాలా ఆకుపచ్చలు లెడ్ క్రోమేట్ మీద ఆధారపడ్డవి. సీసం విషం కాబట్టి పెయింట్ కంపెనీలు క్రమంగా వాటిని వదిలేశాయి. బదులు వచ్చిన ఆర్గానిక్ పిగ్మెంట్లు శుభ్రంగా, మెరుపుగా ఉంటాయి కానీ లెడ్ క్రోమేట్‌లా ఒక్క కోటుతో కింద ఉన్నదాన్ని కప్పేయలేవు. దాంతో కింద ప్రైమర్ రంగు పైకి తొంగిచూస్తుంది. బూడిద ప్రైమర్ మీద కొట్టిన పసుపు కాస్త ఆకుపచ్చగా, తెల్ల ప్రైమర్ మీద కొట్టిన అదే పసుపు తేటగా కనిపిస్తుంది. ఫార్ములాలో ప్రైమర్ పేరు ఉండదు, కంటికి మాత్రం అదీ రంగులో భాగమే.

బైండర్ సంగతి ఇంకా పెద్దది. షెడ్డుల్లో వినపడే రెండు మాటలు ఎన్‌సీ, పీయూ. ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్. అమెరికాలో డూపాంట్ 1923లో దీన్ని డ్యూకో పేరుతో తెచ్చింది, జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి నీలం రంగులో వాడింది. అంతకుముందు వార్నిష్ పెయింట్లు ఆరడానికి వారాలు పట్టేది, డ్యూకోతో ఆ పని గంటల్లోకి వచ్చింది. ఆ బ్రాండ్ పేరే మన దగ్గర సోఫాలకీ తలుపులకీ కొట్టే "డ్యూకో పెయింట్"గా ఇప్పటికీ బతికుంది. ఎన్‌సీ పొర థిన్నర్ ఎగిరిపోతే గట్టిపడుతుంది, మళ్లీ థిన్నర్ గుడ్డ తగిలితే కరిగి గుడ్డకి అంటుతుంది. పాత పెయింట్ ఎన్‌సీయో కాదో తేల్చే తేలిక పరీక్ష అదే. పీయూ అంటే పాలీయురెథేన్. అందులో హార్డెనర్, అంటే గట్టిపరిచే రసాయనం, కలుపుతారు. రసాయనిక చర్య జరిగి గట్టిపడ్డాక థిన్నర్‌కి లొంగదు. హార్డెనర్‌లోని ఐసోసయనేట్ల ఆవిరి ఊపిరితిత్తులకి ప్రమాదం, ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని కొట్టే రకం కాదది.

రెండిట్లో ఒకే షేడ్ కలిపినా చూపు వేరు. ఎన్‌సీని కొట్టాక వాటర్ పేపర్ పట్టి, పాలిష్‌తో మెరుపు తెప్పించాలి. ఆ మెరుపు మెత్తగా ఉంటుంది, ఏళ్లు గడిస్తే తగ్గుతుంది. పీయూ మీద క్లియర్ కోటు వేస్తే అద్దం పెట్టినట్టు ఉంటుంది. 1960ల నాటి సాదా రంగులకి పైన క్లియర్ కోటు లేదు, పాలిష్ చేస్తే గుడ్డకి రంగు అంటేది. "షేడ్ సరిగ్గానే ఉంది గానీ బండి ఎందుకో కొత్తగా కనిపిస్తోంది" అని గొణిగే యజమాని తప్పుపట్టాల్సింది షేడ్‌ని కాదు, పైనున్న ఆ గాజు మెరుపుని.

మెషీన్ చెప్పే అంకె, చెప్పని సంగతి

ఇప్పుడు పెద్ద పెయింట్ కంపెనీల మిక్సింగ్ సెంటర్లలో స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటుంది. రంగు మీద కాంతి వేసి, తిరిగొచ్చిన కాంతిలో ఏ తరంగదైర్ఘ్యం ఎంత ఉందో కొలుస్తుంది. ఫలితాన్ని మూడు అంకెల్లో చెబుతుంది: ఎల్ అంటే ఎంత లేత, ఏ అంటే ఎరుపు–ఆకుపచ్చల్లో ఎటువైపు, బీ అంటే పసుపు–నీలాల్లో ఎటువైపు. రెండు రంగుల మధ్య తేడాని డెల్టా ఈ అంటారు. మూడు తేడాల వర్గాలు కూడి వర్గమూలం తీయడం దాని పాత, సులువైన పద్ధతి. ఒకటికి అటూఇటూ ఉంటే మామూలు కంటికి తేడా తెలియడం కష్టం.

లెక్క కోసం ఓ లేతాకుపచ్చ పద్మినిని, కొన్ని అంకెల్ని ఊహించుకుందాం. డాష్‌బోర్డు వెనక ఎల్ 62, ఏ మైనస్ 12, బీ 8. రూఫ్ మీద ఎల్ 66, ఏ మైనస్ 9, బీ 11. తేడాలు 4, 3, 3. వర్గాలు 16, 9, 9 కలిపితే 34, వర్గమూలం 5.8 దాకా వస్తుంది. పక్కపక్కన పెడితే ఎవరైనా పట్టేసేంత తేడా. ఇప్పుడు మెషీన్‌ని రూఫ్ మీద పెట్టి రంగు కలిపించారనుకోండి. కొత్త మిశ్రమం రూఫ్‌తో 0.9 తేడాలో కుదిరింది, స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్కు పడింది. అదే మిశ్రమం డాష్‌బోర్డు వెనక రంగుకి ఇంకా అయిదారు యూనిట్ల దూరంలోనే ఉంటుంది. మెషీన్ అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది. ఒక్క డోరుకి టచప్ చేయాలంటే రూఫ్‌తో కలిపిందే సరైన రంగు. బండి మొత్తం రేకుదాకా గీకి మళ్లీ వేస్తుంటే అది వెలిసిపోయిన రంగుని కొత్తగా వేయడమే.

ఇంకో చిక్కు మెటమెరిజం. వేరువేరు పిగ్మెంట్లతో కలిపిన రెండు రంగులు ఒక వెలుతురులో కలిసిపోయి ఇంకో వెలుతురులో విడిపోవడాన్ని అలా అంటారు. పాత ఆకుపచ్చ లెడ్ క్రోమేట్ పసుపు, ప్రష్యన్ నీలం కలిపి చేసింది, కొత్తది థాలోసయనిన్ ఆకుపచ్చతో చేసింది అయితే షెడ్డులో ట్యూబ్‌లైటు కింద "భలే కుదిరింది" అనిపించి, బయట మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకటి నీలంవైపు జారుతుంది. అందుకే రేకు ముక్క మీద కొట్టిన శాంపిల్‌ని ఎండలో, నీడలో, పసుపు బల్బు కింద మూడుచోట్లా పెట్టి చూసే పెయింటర్‌ని చాదస్తుడు అనకూడదు.

మెటాలిక్ రంగులకి ఇదంతా రెట్టింపు. లోపలి అల్యూమినియం రేణువులు ఎలా పడుకున్నాయన్నదాన్ని బట్టి ఎదురుగా చూస్తే ఒక రంగు, పక్క నుంచి చూస్తే ఇంకో రంగు. స్ప్రే గన్ దూరంగా పట్టి పొడిగా కొడితే లేతగా, దగ్గరగా తడిగా కొడితే ముదురుగా వస్తుంది. డబ్బా అదే, చెయ్యి మారితే షేడ్ మారుతుంది. దీన్ని కొలవడానికి పలు కోణాల్లో చూసే మెషీన్లు వేరే ఉన్నాయి.

ఫొటోని ఎందుకు నమ్మకూడదు

"నాన్నగారి పెళ్లినాటి ఫొటోలో కారు ఇదే రంగు" అని ఆల్బమ్ తెచ్చేవాళ్లుంటారు. పాత కలర్ ప్రింట్లలో రంగులన్నీ ఒకే వేగంతో వెలవవు. చాలావాటిలో నీలి డై ముందు పోయి ఫొటో మొత్తం ఎర్రబారుతుంది. ఎర్రబారిన ఫొటోలో తెల్ల కారు గులాబీ మీగడలా కనిపిస్తుంది. కంపెనీ బ్రోషర్లదీ అదే గతి. అవి నాలుగు సిరాలతో అచ్చయినవి, కారు పెయింట్‌ని యథాతథంగా చూపలేవు. బండి రెండు రంగులదా, బంపర్ ఏ తీరుది, అని తేల్చుకోవడానికి ఫొటో పనికొస్తుంది. షేడ్‌కి పనికిరాదు.

ఎవరి వాదన ఏమిటి

పాత పెయింట్‌ని అసలు ముట్టుకోవద్దనేది ఒక పక్షం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ ఈ వైపే మొగ్గుతుంది: సంరక్షణ ముందు, పునరుద్ధరణ తర్వాత. పగుళ్లొచ్చిన ఎన్‌సీ పొర కూడా చరిత్రే అని వాళ్ల మాట. రంగు ఒకసారి గీకేస్తే దాంతోపాటు ఆధారమూ పోతుందన్న వాదనలో బలం ఉంది.

రెండో పక్షం మొదటి రోజునే కోరుకుంటుంది, లోపాలతో సహా. అమెరికాలో కార్వెట్ పునరుద్ధారకుల సంఘం ఎన్‌సీఆర్‌ఎస్ మార్కులు వేసేటప్పుడు కొలబద్ద ఫ్యాక్టరీలో మామూలుగా ఎలా తయారయ్యేదో అదే. అంతకన్నా నున్నగా, మెరుపుగా చేసినా మార్కులు పోతాయి. వినడానికి విడ్డూరంగా ఉన్నా తర్కం తిన్ననిది.

మూడో పక్షం బండిని వాడుకునేవాళ్లది. విజయవాడ ఎండల్లో, విశాఖ ఉప్పుగాలిలో తిరిగే కారుకి ఎన్‌సీ కొట్టించి ప్రతి ఏడూ పాలిష్ పెట్టుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? షేడ్ పాతది, పెయింట్ పీయూ అన్నది వీళ్ల రాజీ. క్లియర్ కోటు లేని సింగిల్ స్టేజ్ పీయూ వేసి, మెరుపు కాస్త తగ్గించుకుంటే దూరం నుంచి చాలావరకు పాత చూపే వస్తుంది. నాకైతే రోజూ తిరిగే బండికి ఇదే సబబనిపిస్తుంది. పుట్టినప్పటి పెయింట్ సగానికి పైగా మిగిలున్న బండికి మాత్రం మొదటి పక్షం మాటే వినాలి, అలాంటివి మన వాతావరణంలో ఎక్కువ మిగలవు.

ఈ మూడు పక్షాల మధ్యా తెగని కేసు ఇంకోటి ఉంది. తెల్లగా పుట్టిన బండికి, అదే ఏడాది కంపెనీ అమ్మిన వేరే రంగు వేయించారనుకోండి. షేడ్ ఆ కాలానిదే, ఆ మోడల్‌దే, ఈ బండిది మాత్రం కాదు. కొందరు జడ్జీలకి ఇది సమ్మతమే, కొందరు మార్కులు కోస్తారు. గేడన్ సర్టిఫికెట్ ఉన్న మినీ అయితే కాగితం చూపిస్తే గుట్టు బయటపడుతుంది. అంబాసిడర్ అయితే డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి చూసినవాడికే తెలుస్తుంది. ఆర్‌టీఓ ఆఫీసుకి మాత్రం ఈ వాదనల్లో దేనితోనూ పని లేదు. మీగడ తెలుపు తీసేసి పాల తెలుపు వేస్తే ఆర్‌సీలో "వైట్" అలాగే ఉంటుంది, తెలుపు తీసేసి ఆకుపచ్చ వేస్తే ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.